బట్ట పనికీ, రాతలూ బొమ్మలూ కలిపి నింపుకునే దినచర్య పుస్తకానికీ చదవదగిన పుస్తకాలు ఏవి?

గంజాం_గౌరి
మా అత్తగారి పెట్టెలో పాత బరంపురం పట్టుచీరలు ఉన్నాయి. కొన్ని మడతల దగ్గర చిట్లిపోయి ఇక కట్టుకోవడానికి పనికిరావు గాని, వాటి అంచులు, ముఖ్యంగా ఫోడా కుంభం (గుడి శిఖరాల వరస లాంటి) అంచులు, ఇంకా చెక్కుచెదరలేదు. ఆ ముక్కలను ఒక పుస్తకంలో అతికించి లేదా కుట్టి, పక్కన ఆ చీర ఎవరిది, ఎవరి పెళ్ళికి కొన్నది, దాని నేత ఎలాంటిది అన్న వివరాలు రాసి, వీలైనచోట నేను కూడా కొంత కుట్టుపని చేసి మా అమ్మాయికి ఇవ్వాలని ఉంది.

దీనికి దారి చూపే పుస్తకాల కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. మా ఊరి దుకాణాల్లో దొరికేవన్నీ ట్రేసింగ్ డిజైన్ల పుస్తకాలే. వాటిలో పువ్వులూ నెమళ్ళూ ఉంటాయి తప్ప ఏ బట్టకు ఏ సూది, ఏ దారానికి ఏ కుట్టు అన్న మాట ఒక్కటీ ఉండదు. ఆన్‌లైన్‌లో కనిపించేవి ఇంగ్లీషువి, ఖరీదైనవి. అవి కూడా లినెన్, ఉన్ని ఫెల్ట్ వంటి మన దగ్గర సులువుగా దొరకని సరుకు చుట్టూ రాసినవి. జర్నలింగ్ అన్న పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఖాళీ పేజీలే. పైగా నేను ఒడియా మాధ్యమంలో చదువుకున్నాను, తెలుగు చదవడం ఇంట్లో నేర్చుకున్నదే. కొనదగినవి ఏవి, గ్రంథాలయంలో చూస్తే సరిపోయేవి ఏవి, అసలు అక్కర లేనివి ఏవి అని విడదీసి చెప్పగలరా?

నాగావళి_రాధ
మొదటి పుస్తకం గురించి నాకు సందేహం లేదు. మేరీ థామస్ రాసిన డిక్షనరీ ఆఫ్ ఎంబ్రాయిడరీ స్టిచెస్ కొనండి. 1934లో వచ్చిన పుస్తకాన్ని ఇప్పటికీ కుట్టుపనివాళ్ళు వెతికి మరీ కొనుక్కుంటున్నారంటే కారణం ఉంది. కుట్లన్నిటినీ అక్షరక్రమంలో పెట్టి, సూది ఎక్కడ పైకి రావాలో, ఎక్కడ దిగాలో, దారం సూదికి ఏ పక్కన పడాలో గీతల బొమ్మల్లో చూపిస్తుంది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు కూడా బొమ్మను చూసి కుట్టగలరు. గొలుసు కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు తప్ప మరేమీ తెలియని రోజుల్లో అది నా చేతికి వచ్చింది, ఇప్పటికీ కుట్టుపెట్టె పక్కనే ఉంటుంది.

పర్లాకిమిడి_వేణు
రాధ గారి మాట నిజమే గాని, అది నిఘంటువు. నిఘంటువును చదివి ఎవరూ భాష నేర్చుకోరు కదా. మొదలుపెట్టేవాళ్ళకు దానికి తోడుగా ఇంకొకటి కావాలి.

గుణుపురం_మాస్టారు
గౌరమ్మా, మీరు అడిగినదానిలో ఒక ముఖ్యమైన సంగతి ఇప్పటివరకు ఎవరూ పట్టించుకోలేదు. మీ పెట్టెలో ఉన్నది నేత, సూదిపని కాదు. ఫోడా కుంభం అంచును ఎవరూ సూదితో వేయలేదు. అంచుకూ ఒంటికీ వేరువేరు నాడెలు (అడ్డపోగును నడిపే పనిముట్లు) వాడి, రెండు రంగుల పేక (అడ్డ) పోగులను ఒకదానితో ఒకటి పెనవేస్తూ, గుడి శిఖరాలు వరసగా నిలబడినట్లు పళ్ళుపళ్ళుగా నేస్తారు. ఆ అంచు పక్కన ఏమి రాయాలో కుట్ల నిఘంటువు చెప్పలేదు. అందుకు బట్టను చదవడం నేర్పే పుస్తకం కావాలి.

నేను చెప్పేది ఇకత్ ఫ్యాబ్రిక్స్ ఆఫ్ ఒరిస్సా అండ్ ఆంధ్రప్రదేశ్. బిజయచంద్ర మహంతి, కల్యాణ్ కృష్ణ కలిసి రాశారు. అహ్మదాబాద్‌లో 1949లో ఏర్పడిన కాలికో మ్యూజియం వారు 1974లో ప్రచురించారు. మీ అంచు ఇకత్ (పోగులను ముందే కట్టి రంగువేసి నేసే పని) కాదన్నది నాకు తెలుసు. అయినా దీన్ని చూడమనడానికి కారణం, అది మన సరిహద్దుకు రెండు వైపుల నేతలనూ ఒకే అట్టల మధ్య పెట్టి, పడుగు (నిలువు పోగులు) ఎలా సాగదీస్తారో, పోగులను ఎలా కట్టి రంగులో ముంచుతారో మగ్గం దగ్గర నిలబడి చూసినవారి పద్ధతిలో రాసిన పుస్తకం కావడమే. ఆ పద్ధతిని గమనిస్తే మీ పట్టు అంచుల గురించి మీరే రాయగలుగుతారు. రీతా కపూర్ చిష్తీ 2010లో వెలువరించిన శారీస్: ట్రెడిషన్ అండ్ బియాండ్ కూడా చూడదగినదే, ఒడిశా నేతలకు అందులో చోటు ఉంది. అది భారీ పుస్తకం, ధర కూడా భారీగానే ఉంటుంది కాబట్టి గ్రంథాలయంలో చూడండి.

మరొక మాట. 1961 జనాభా లెక్కల సందర్భంగా రాష్ట్రాలవారీగా చేతిపనుల మీద ప్రత్యేక సంపుటాలు వెలువడ్డాయి. కాగితం, అచ్చు సాదాగా ఉంటాయి గాని, పనిముట్ల కొలతల దగ్గర నుంచి పనివాళ్ళ కుటుంబాల రాబడి వరకు వాటిలో ఉంటుంది. పాత విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో అడిగితే దొరుకుతాయి.

కిన్వట్_బొంతకుట్టు
మాస్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. గౌరి గారు పరిశోధన వ్యాసం రాయబోవడం లేదు. ఇంట్లో కూర్చుని, దొరికిన గంటలో, చేతిలో ఉన్న ముక్కతో ఏదో ఒకటి మొదలుపెట్టాలనుకుంటున్నారు. అలాంటివారి చేతిలో ముందుగా మ్యూజియం పుస్తకం పెడితే, తనకు ఇంకా ఏమీ తెలియదన్న బెరుకు పెరుగుతుంది గాని సూది కదలదు.

నా ఓటు క్లేర్ వెల్లెస్లీ స్మిత్ రాసిన స్లో స్టిచ్‌కు. 2015లో వచ్చింది. కొత్త సరుకు కొనమని అది ఒత్తిడి చేయదు. పాత బట్ట, మాసికలు, ఇంట్లో వేసుకోగలిగిన రంగులు, తాపీగా వేసే పరుగు కుట్టు, వీటి చుట్టూనే పుస్తకం నడుస్తుంది. పొడవాటి బట్టమీద రోజూ కొన్ని కుట్లు వేస్తూ దాన్నే దినచర్యగా ఉంచుకునే ఆలోచన కూడా ఆవిడదే. కాగితం మీద రాయడానికి జంకేవాళ్ళకు ఆ పద్ధతి ఎంతో ఊరట.

మా వైపు మరాఠీవాళ్ళు గోధడి అంటారు, మనం బొంత అంటాం. పాత చీరలను పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టుకొస్తారు. ఏ పొర ఎవరి చీరో ఇంట్లో అందరికీ తెలుసు. దీని గురించి చదవాలనుకునేవారు ప్యాట్రిక్ ఫిన్ రాసిన క్విల్ట్స్ ఆఫ్ ఇండియా చూడవచ్చు, 2014లో వచ్చింది. లంబాడీ పనిమీద ఆసక్తి ఉంటే షార్లెట్ క్వాన్, టిమ్ మెక్‌లాక్లిన్ కలిసి తెచ్చిన టెక్స్‌టైల్స్ ఆఫ్ ది బంజారా (2016) ఉంది. మా తండాల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ వేసే కుట్లను అందులో దగ్గరగా తీసిన ఫోటోల్లో చూసినప్పుడు, రోజూ చూస్తూ కూడా గమనించని సంగతులు చాలా కనిపించాయి.

గుణుపురం_మాస్టారు
మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే నేను ముందు చదివి తర్వాత మొదలుపెట్టమనలేదు. ముక్కను పేజీ మీద పెట్టిన తర్వాత, "అమ్మమ్మ చీర, చాలా బాగుంటుంది" అని రాసి ఊరుకుంటే, ముప్పై ఏళ్ళ తర్వాత ఆ అమ్మాయికి దక్కేది ఏమిటి? పడుగు ఏ రంగు, పేక ఏ రంగు, జరీ ఉందా, అంచు వెడల్పు ఎంత, ఎవరి మగ్గం మీద నేశారు అన్న వివరాలు ఇప్పుడు రాయకపోతే, తెలిసినవాళ్ళు పోయాక ఎవరినీ అడగలేము. బరంపురంలో దేరా నేత కుటుంబాలు తమ పూర్వులు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఆ వీధుల్లో ఇప్పటికీ తెలుగు మాట వినిపించే పెద్దవాళ్ళు ఉన్నారు. గౌరమ్మ ఆ ముక్కలు పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళితే, ఏ పుస్తకమూ చెప్పలేనిది చెబుతారు.

కొలాబ్_వాణి
నేను జయపురం నుంచి. రంగుల గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మహంతి, చంద్రమౌళి, నాయక్ కలిసి రాసిన నాచురల్ డైయింగ్ ప్రాసెసెస్ ఆఫ్ ఇండియా (1987) నా దృష్టిలో ఈ జాబితాలో తప్పనిసరి. ఇది కూడా కాలికో మ్యూజియం వారిదే. వేరు, బెరడు, ఆకు, పటిక, కరక్కాయ, వీటితో పనిచేసేవాళ్ళకు ఆ పుస్తకం దగ్గర ఉంటే ధైర్యంగా ఉంటుంది.

మాకు దగ్గరలోని కోట్‌పాడ్‌లో మీర్గాన్ నేతగాళ్ళు ఆల్ చెట్టు వేరు బెరడుతో ఎరుపు తెస్తారు. నూలును ఆముదం, బూడిద నీళ్ళు, ఆవుపేడతో మళ్ళీమళ్ళీ పట్టించి ఎండబెట్టడమే వారాల పని, రంగు ఆ తర్వాతి మాట. నలుపు, ముదురు గోధుమ కావాలంటే హీరాకాసీ (ఇనుప లవణం) కలుపుతారు. ఒడిశా నుంచి భౌగోళిక గుర్తింపు పొందిన మొట్టమొదటి వస్తువు ఆ బట్టే, 2005లో వచ్చింది. అక్కడి నేతకారుడు గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇదంతా గౌరి గారికి ఎందుకంటే, ఇనుముతో వచ్చిన నలుపు కాలం గడిచేకొద్దీ పోగును తినేస్తుంది. పాత కలంకారీ బట్టల్లో కూడా ఎరుపు నిలిచి, నల్లగీత ఉన్నచోట మాత్రం బట్ట చిల్లులు పడటం చూస్తాం. ఇనుప తుప్పును బెల్లంనీళ్ళలో పులియబెట్టి చేసే నలుపు అది. మీ ముక్కల్లో నల్లపోగులు పొడిపొడిగా రాలుతుంటే అందుకు మీరు చేసిన పొరపాటు ఏమీ లేదు, ఆ రంగు స్వభావమే అంత. అలాంటి ముక్కను మడవకుండా, పరిచి పెట్టాలి.

మహేంద్రగిరి_శారద
అడిగిన ప్రశ్నలో రెండో సగం, అంటే దినచర్య, పక్కకు వెళ్ళిపోయింది. దాని గురించి చెబుతాను. బట్టపని చేసేవాళ్ళ నోటుపుస్తకం గురించే రాసినది ఒకటి ఉంది: కే గ్రీన్‌లీస్ రాసిన క్రియేటింగ్ స్కెచ్‌బుక్స్ ఫర్ ఎంబ్రాయిడరర్స్ అండ్ టెక్స్‌టైల్ ఆర్టిస్ట్స్. 2005లో వచ్చింది. బొమ్మ గీయడం రానివాళ్ళు పుస్తకాన్ని ఎలా నింపాలి, చూసిన రంగును దారంలోకి ఎలా తెచ్చుకోవాలి, పని మధ్యలో ఆగిపోయినప్పుడు పాత పేజీలు ఎలా ఉపయోగపడతాయి అన్నవాటికి అది బాగా పనికొస్తుంది. క్యాస్ హోమ్స్ రాసిన స్టిచ్ స్టోరీస్ (2015) దానికి మంచి తోడు. తాను తిరిగిన చోట్లనూ, చేతికి దొరికిన కాగితాలనూ, గుడ్డముక్కలనూ కలిపి కుట్టే విధానం అందులో కనిపిస్తుంది.

రాయడం విషయానికి వస్తే, లిండా బ్యారీ రాసిన సిలబస్ (2014) నాకు ఎంతో మేలు చేసింది. పేజీని గళ్ళుగా విడదీసి, ఒకచోట ఈ రోజు చేసినవి, ఇంకొకచోట చూసినవి, మరొకచోట చెవిన పడిన మాట, చివరి గడిలో చిన్న బొమ్మ. అంతే. ఏమి రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చునే ఇబ్బంది ఉండదు. మీ పుస్తకానికి దీన్ని కొద్దిగా మార్చుకుంటే సరిపోతుంది: ఒక గడిలో గుడ్డముక్క, ఒక గడిలో దాని కొలతలు, ఒక గడిలో అత్తగారు చెప్పిన మాట ఆమె అన్నది అన్నట్లుగా, ఇంకొక గడిలో మీ కుట్టు.

జూలియా కామెరాన్ రాసిన ది ఆర్టిస్ట్స్ వే (1992) పేరు కూడా అందరూ చెబుతారు. పొద్దున లేవగానే చేత్తో మూడు పేజీలు రాయమని ఆమె సలహా.

నాగావళి_రాధ
శారద గారి మిగతా మాటలన్నీ ఒప్పుకుంటాను గాని, ఆ మూడు పేజీల సలహాను మాత్రం గౌరి గారికి ఇవ్వను. మన ఇళ్ళల్లో తెల్లవారుజాము అంటే కుళాయి నీళ్ళు వచ్చే వేళ, పిల్లల క్యారేజీలు సర్దే వేళ. ఆ వేళ కుదరక, కుదరలేదన్న బాధతో పుస్తకాన్నే మూసిపెట్టిన ఆడవాళ్ళను చూశాను. గళ్ళ పద్ధతి అయితే మధ్యాహ్నం అన్నాలయ్యాక పది నిమిషాల్లో అయిపోతుంది.

మహేంద్రగిరి_శారద
ఒప్పుకుంటాను. వేళ ఎవరికి వీలైనది వాళ్ళదే. ఆ పుస్తకం ఆగిపోయిన రచయితలకూ చిత్రకారులకూ ఎక్కువగా ఉపయోగపడుతుంది, గౌరి గారు ఆగిపోలేదు.

చిన్ని_గోపాల్‌పూర్
నేను డిగ్రీ చదువుతున్నాను. మా స్నేహితులందరూ బుల్లెట్ జర్నల్ మొదలుపెట్టారు. రైడర్ కారల్ రాసిన ది బుల్లెట్ జర్నల్ మెథడ్ (2018) బట్టపనికి ఉపయోగపడుతుందా? అలంకరణ టేపులూ స్టిక్కర్లూ కొనడానికే డబ్బులు అయిపోతున్నాయి అక్కా.

మహేంద్రగిరి_శారద
చిన్నీ, ఆ పుస్తకంలో టేపులూ స్టిక్కర్లూ అసలు విషయమే కాదు. చుక్కలు, గీతలు, మొదట్లో ఒక సూచిక, ఇదే దాని పద్ధతి. సూచిక మాత్రం బట్టపనికి చాలా అవసరం. ప్రతి పేజీకి అంకె వేసి, సూచికలో "జరీ అంచులు 4, 9, 15" అన్నట్లు రాసుకుంటే, పుస్తకం లావెక్కిన తర్వాత వెతుక్కునే పని ఉండదు. ఇంత తెలుసుకోవడానికి పుస్తకం కొననక్కరలేదు. ఆ డబ్బుతో మంచి కాగితం కొనుక్కో.

బైండింగ్_శంకరం
మా నాన్నగారి నుంచి పుస్తకాలు కుట్టే పని చేస్తున్నాను, పాత దస్తావేజులూ లెక్కల పుస్తకాలూ బాగుచేస్తాను. గౌరి గారు "అతికించి లేదా కుట్టి" అన్నారు. దయచేసి అతికించకండి. మైదా జిగురు పెడితే పురుగు పడుతుంది. పురుగు పట్టకుండా మేము జిగురులో మైలుతుత్తం కలుపుతాం గాని, అది పాత పట్టుకు తగలకూడదు. సీసాల్లో అమ్మే గమ్ము కొన్నేళ్ళకు పసుపురంగుకు తిరిగి, గట్టిపడి, బట్టను పెళుసు చేస్తుంది. పైగా ఒకసారి అతికించినదాన్ని మళ్ళీ తీయలేరు.

నేను చేసే విధానం ఇది. గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరబెట్టిన మల్లు గుడ్డను పేజీకన్నా కొంచెం చిన్నదిగా కత్తిరించుకోవాలి. పట్టుముక్కను దానిమీద పరిచి, సన్నని సూదితో, ఒంటిపేట పట్టు దారంతో, ముక్క పోగుల సందుల్లోంచి మాత్రమే సూది వెళ్ళేలా, అంచు పొడుగునా దూరం దూరంగా చిన్నచిన్న కుట్లు వేయాలి. దారం బిగించకూడదు, బట్టమీద వాలితే చాలు. చిట్లినచోట విడిపోయిన పోగులను ఒక వరసలోకి తెచ్చి, వాటిమీదుగా అడ్డంగా దారం పరిచి అక్కడక్కడా పట్టివేయాలి. తర్వాత ఆ మల్లు గుడ్డను పేజీకి నాలుగు మూలలా కుడితే సరి. రేపు ఎవరైనా విప్పి చూడాలన్నా పట్టుకు హాని లేదు.

ఇక పుస్తకం. మామూలు నోటుపుస్తకంలో గుడ్డలు పెడితే అట్ట నోరు తెరుచుకుని ఉంటుంది. కుట్టించేటప్పుడే ప్రతి రెండు పేజీల మధ్య, వీపు దగ్గర, వేలెడు వెడల్పు కాగితపు పట్టీ వేయమని చెప్పండి. గుడ్డ మందం ఆ పట్టీల వల్ల సర్దుకుంటుంది. జరీ ఉన్న ముక్కలకు రబ్బరు బ్యాండ్లు తగలనివ్వకండి, వెండి నల్లబడుతుంది. జరీని ఉతకడం అసలు వద్దు.

పర్లాకిమిడి_వేణు
శంకరం గారి ఈ ఒక్క జాబు కొన్ని పుస్తకాల పెట్టు. ఎవరైనా దీన్ని ఒడియాలో కూడా రాసి పెడితే మా వీధిలో చాలామందికి చూపిస్తాను.

పత్తి మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఒక పేరు చేర్చుతున్నాను. మీనా మీనన్, ఉజ్రమ్మ రాసిన ఎ ఫ్రేడ్ హిస్టరీ (2017). మన నేలకు తగిన పొట్టిపింజ దేశవాళీ పత్తిని పక్కకు నెట్టి, యంత్రాలకు తగిన పొడుగుపింజ పత్తిని ఎలా తెచ్చారో అందులో ఉంది. సరిహద్దు దాటితే మాకు దగ్గరలోనే పొందూరు. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్ననూలు వడుకుతారు. ఆ పుస్తకం చదివాక పొందూరు పంచె ధర ఎందుకు అంత ఉంటుందో నాకు బోధపడింది.

గంజాం_గౌరి
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు. ఒక సందేహం అడుగుతాను. నా పుస్తకంలో ఖాళీ పేజీలకు డోంగ్రియా కోంధుల శాలువా మీద ఉండే త్రికోణాల వరసలు, సవర బొమ్మలు కుట్టాలని అనుకున్నాను. మన ప్రాంతపు గుర్తులుగా బాగుంటాయి కదా. అవి కుట్టడం నేర్పే పుస్తకం ఏదైనా ఉందా?

నాగావళి_రాధ
నేను ఉండేది రాయగడలో, నియమగిరికి దగ్గర. ఈ ఒక్క విషయంలో నా మాట కొంచెం గట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. కపడాగండా శాలువా డోంగ్రియా ఆడపిల్లలు తమ వాళ్ళకోసం కుట్టుకునేది. తెల్లని మందపు బట్టమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో, గీతలు గీసుకోకుండా, పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. అన్నకో, తండ్రికో, మనసిచ్చినవాడికో ఇస్తారు. ఆ త్రికోణాలు వాళ్ళ కొండలు. సవరల ఇడితాల్ ఇంకా పెద్ద విషయం. అది గోడమీద పూజతో పాటు వేసే బొమ్మ, పూర్వీకులనూ దేవతలనూ పిలిచి కూర్చోబెట్టే చోటు. ఇవి రెండూ 2024లో భౌగోళిక గుర్తింపు పొందాయి. వాటిని అలంకరణ కోసం తీసుకుని పేజీ నింపడం నాకు ఇష్టం లేదు.

కిన్వట్_బొంతకుట్టు
రాధ గారూ, అమ్ముకోవడానికి అచ్చువేసి వాడేవాళ్ళ గురించి మీరు అన్న ప్రతి అక్షరమూ ఒప్పుకుంటాను. కానీ ఒక ఇల్లాలు తన కూతురికోసం కుట్టుకునే పుస్తకానికి కూడా అదే కొలతా? మా వైపు లంబాడీ ఆడవాళ్ళ దగ్గర కూర్చుని కుట్టు నేర్చుకున్న తెలుగువాళ్ళు ఉన్నారు. నేర్పినవాళ్ళకు అది సంతోషమే.

నాగావళి_రాధ
పక్కన కూర్చుని నేర్చుకోవడానికి నా అభ్యంతరం లేదు. పుస్తకంలోంచి ఎత్తి రాసుకోవడం గురించే నా మాట.

గుణుపురం_మాస్టారు
ఈ చర్చకు సంబంధించిన ఒక పాత సంగతి ఉంది. భారతదేశపు బట్టల నమూనాలను పుస్తకాలుగా కట్టడంలో అన్నిటికన్నా పెద్ద ప్రయత్నం బ్రిటిష్ ప్రభుత్వ అధికారి ఫోర్బ్స్ వాట్సన్ చేసినది. 1866లో 700 బట్టముక్కలను 18 సంపుటాలుగా కూర్చి, అలాంటివి 20 ప్రతులు తయారు చేయించాడు. మన నేతగాళ్ళు నేసిన పంచెలూ, చీరలూ, తలపాగాలూ ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్క పక్కన పొడవు, వెడల్పు, ఊరు రాశారు. ఆ పని ఎంత శ్రద్ధగా చేశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అయితే ఎందుకు చేశారు? ఇంగ్లండులోని మిల్లులవాళ్ళు ఈ దేశంవాళ్ళు ఏమి కడతారో చూసి, అలాంటివే యంత్రాలమీద నేసి ఇక్కడ అమ్ముకోవాలని. ఏ నేతగాడి పేరూ ఆ పేజీల్లో లేదు.

అందుకని గౌరమ్మ పుస్తకంలో నేసినవారి పేరు, కుట్టినవారి పేరు, తెలిసినంతవరకు, ముక్క పక్కన ఉండాలన్నదే నా కోరిక. డోంగ్రియా పనిమీద అంత ఇష్టం ఉంటే, కుట్టినవాళ్ళ దగ్గరే ఒక చిన్న శాలువా సరైన ధర ఇచ్చి కొని, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు రాసి ఉంచుకోవచ్చు. ఆ సంపుటాల బొమ్మలు ఇప్పుడు ఇంటర్‌నెట్‌లో చూడవచ్చు. పేజీమీద ముక్కను ఎలా అమర్చాలో నేర్చుకోవడానికి అవి ఉపయోగపడతాయి, డబ్బు ఖర్చు లేదు.

కొలాబ్_వాణి
మాస్టారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. కోట్‌పాడ్ బట్ట కొన్నప్పుడు నేనూ నేసినవారి పేరు అడిగి రాసుకుంటాను. అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు, కొందరు వేరు ఎంత వేశారో, ఎన్నిసార్లు ముంచారో కూడా చెబుతారు.

చిన్ని_గోపాల్‌పూర్
ఇన్ని పేర్లు చెప్పారు, తెలుగులో ఒక్కటి కూడా లేదా?

గుణుపురం_మాస్టారు
కుట్టుపని నేర్పే పుస్తకం కాదు గాని, సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చదువు తల్లీ. 1949లో వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే. పాల్కురికి సోమనాథుడు, కొరవి గోపరాజు వంటి కవుల కావ్యాల్లోంచి అప్పటి జనం ఏమి కట్టారో, ఏ ఏ బట్టలు బజారులో అమ్మేవారో ఏరి చూపించారు. రాజుల యుద్ధాలు తగ్గించి తిండి, బట్ట, ఆట, పాట గురించి రాసిన చరిత్ర అది. చదివాక మీ ఇంట్లో పాత చీర చూసే చూపు మారుతుంది.

ప్రాణహిత_సుధాకర్
సిరొంచ నుంచి రాస్తున్నాను. ఇక్కడ తెలుగు పుస్తకం కావాలంటే నది దాటాలి. అందుకే నాది వేరే సూచన. ఇంగ్లీషు పుస్తకాలు కొన్నవాళ్ళు, తమకు ఉపయోగపడిన ఒక్కొక్క కుట్టునో, ఒక్కొక్క పద్ధతినో ఈ చర్చలోనే తెలుగులో రాసి పెట్టండి. శంకరం గారు రాసినట్లు. మా అక్క టసర్ ముక్కలతో సంచులు కుడుతుంది, ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు చదివి వినిపిస్తే ఒక్కసారిలో పట్టుకుంటుంది.

బైండింగ్_శంకరం
సుధాకర్ గారూ, పేజీ మధ్య పట్టీలు వేసి పుస్తకం కుట్టే విధానం వచ్చే వారం ఫోటోలతో వివరంగా రాస్తాను. టసర్ ముక్క అయితే మల్లుకు బదులు కొంచెం మందమైన నూలు గుడ్డ వాడమనండి.

గంజాం_గౌరి
రాధ గారు అన్నది ఆలోచించాను. ఖాళీ పేజీల్లో సవర బొమ్మలు కుట్టను. ముందు మేరీ థామస్, కే గ్రీన్‌లీస్ పుస్తకాలు రెండూ కొంటాను. స్లో స్టిచ్ మా చెల్లెలిచేత తెప్పించుకుంటాను. మాస్టారు చెప్పినవాటికోసం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అడుగుతాను. అత్తగారిని ఈ రోజే అడిగితే ఎర్ర అంచు చీర ఆమె తోడికోడలిదని, నేసిన ఇల్లు ఇప్పటికీ ఉందని చెప్పారు. మేరీ థామస్ పుస్తకం రెండు రకాలుగా కనిపిస్తున్నది. ఏది తీసుకోవాలి?

నాగావళి_రాధ
1989లో జాన్ ఈటన్ సవరించి తెచ్చిన కూర్పు ఒకటి ఉంది, అందులో బొమ్మలు కొత్తగా వేశారు, కుట్లను ఉపయోగాన్నిబట్టి విభజించారు. మొదటిసారి కొనేవారికి అది సులువు. పాత కూర్పు అక్షరక్రమంలో ఉంటుంది, కుట్టు పేరు తెలిసి వెతుక్కునేవారికి బాగుంటుంది. మీరు కొత్తది తీసుకోండి. పాతది కావాలంటే రాయగడ వచ్చినప్పుడు నా దగ్గర చూసుకోవచ్చు.